ఊరికే ఇచ్చినోడు ఎవురు?

మిల్లు ఆఫీసులో కంప్యూటరు మీద లెక్కల షీటు తెరిచినప్పుడు, ఎప్పుడో ఒకసారి, పైన సన్నటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ మీకు ఉపయోగపడుతూ ఉంటే దీన్ని తయారు చేసేవాళ్ళకు తోచినంత సాయం చేయండి అని ఇంగ్లీషులో అడుగుతుంది. చివర చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే పట్టీ పోతుంది. నేనెరిగినంతలో ప్రొద్దుటూరులో ఆ పట్టీని చూసినవాళ్ళందరూ చేసే పని అదే. ఒక్క మనిషి మాత్రం ముందు కుడిచేతి వేళ్ళు నుదుటికి ఆనించి సలాం చేసి, ఆ తర్వాత ఇంటూ నొక్కేవాడు.

"అది మిషను కదా భాయ్, దానికి సలామేంది?" అని మొదట్లో నవ్వాను.

"మిషనే అప్పా. అడిగేది మాత్రం మనిషి. యాడో కూర్చోని అడుగుతాండాడు. మన దగ్గర ఇచ్చేది లేకపోతే మొగం మీద తలుపేస్తామా? సలాం చెప్పి ఏస్తాం."

మొన్న ఆ పట్టీ మళ్ళీ వచ్చింది. నా చెయ్యి నేను చెప్పకుండానే నుదుటి దాకా పోయింది. ఎదుటి బల్ల దగ్గర తూకం చీటీలు రాసే ఆయన "తలనొప్పా?" అని అడిగాడు. అవునన్నాను. భాయ్ ఈ ఎండాకాలంలో పోయాడు. ఆ సంగతి ఆ బల్ల దాకా కూడా రాలేదు.

ఆయన పేరు రాయడం లేదు. ఊళ్ళో కూడా ఆయన్ను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. హిందువులు భాయ్ అనేవారు, పెద్దవయసు వాళ్ళు సాయిబూ అనేవారు, ఆయన వాడకట్టులో కువైట్ అని పిలిచేవారు. కువైట్‌లో ఏదో ఆఫీసులో చాలా కాలం టైపింగు పని చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు అందరూ బంగారం, దుప్పట్లు, సెంటు సీసాలు తెచ్చుకుంటే ఆయన ఒక కంప్యూటరును మూటగట్టుకొని తెచ్చాడని చెప్పుకుంటారు. అది నేను చూసింది కాదు, విన్నది.

నేను చూసింది ఆయన అంగడిని. పాత బస్టాండు వెనక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే అంగడికీ పాత్రల అంగడికీ నడుమ ఇరుకు గది. బల్ల మీద కంప్యూటరు పక్కనే స్టీలు సోంపు డబ్బా. ఎవరు వచ్చినా ముందు డబ్బా మూత తీసి చెయ్యి చాపమనేవాడు. సోంపు వేసేవరకు మాట మొదలుపెట్టడు. మాట అయిపోయిందని ఆయనకు అనిపించినప్పుడు మూత టప్పున మూసేవాడు. ఆ చప్పుడు విన్నాక ఎంత బతిమాలినా ఆ విషయం మళ్ళీ తెరిచేవాడు కాదు. వాకిలి పైన రేకు బోర్డు మీద తనే రంగుతో రాసుకున్న రెండు వరసలు ఉండేవి.

సాఫ్ట్‌వేర్ ఊరికే.
నేను ఊరికే కాదు.

నేను బడిలో ఎక్కువ చదువుకున్నవాణ్ణి కాదు. మాది తొండూరు పక్కన గొర్రెలు మేపే ఇల్లు. సాయంత్రం మంద దొడ్డిలోకి దూరేటప్పుడు జతలు జతలుగా లెక్క పట్టడంతో నా గణితం మొదలైంది. ఆ లెక్కతోనే ప్రొద్దుటూరు నూనె మిల్లులో గుమాస్తా పని దొరికింది. కంప్యూటరు కొన్నాక మిల్లు యజమాని "నేర్చుకుంటావా, ఇంకొకణ్ణి చూసుకోనా" అని అడిగాడు. నేర్చుకుంటానని చెప్పి భాయ్ అంగడికి పోయాను.

"ఒరిజినల్ వెయ్యి భాయ్" అన్నాను. అప్పట్లో అందరూ అట్లాగే అడిగేవాళ్ళు. ఒరిజినల్ అంటే ఖరీదైన విదేశీ కంపెనీ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు ఎవరో తాళం పగలగొట్టి చేసిన దొంగ సీడీ. టీ అంగళ్ళ పక్కన కూడా దొరికేది.

ఆయన నా అరచేతిలో సోంపు వేశాడు. "దొంగిలించుకొచ్చింది ఒరిజినల్, ఇష్టపడి ఇచ్చింది డూప్లికేటా? ఏం లెక్కప్పా ఇది?"

ఆయన వేసేది వేరు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలి రాతతో సహా లోకం ముందు పెట్టిన ఆఫీసు సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు, మార్చుకోవచ్చు. అదే సరకును ఒక కంపెనీ పెట్టెలో పెట్టి ధర కట్టి కూడా అమ్ముతుండేది. రెండింటికీ తేడా ఏమిటని అడిగాను. లెక్క చేసేవాడికి ముందు అదే కదా తెలియాల్సింది.

"పిండి ఒకటే అప్పా. దుడ్లకొచ్చేదాన్లో ఇంకొన్ని అక్షరాల రకాలుంటాయి, ఒక పుస్తకముంటాది, ఒక ఫోన్ నంబరుంటాది. ఏమన్నా చెడిపోతే నువ్వు తిట్టేదానికి ఒక మనిషుంటాడు. ఊరికే వచ్చేదాన్లో ఆ మనిషి ఉండడు. నీ తిప్పలు నువ్వే పడాల."

"మరి నాకు చెడిపోతే?"

"నన్ను తిట్టు. ఏడాదికింత అని నాకు కట్టు. సీడీకి మాత్రం వద్దు. నాకు ఊరికే వచ్చినదాన్ని నేనెట్ల అమ్మేది?"

మూత టప్పుమంది.

జమ్మలమడుగులో ఒక వకీలు మాత్రం పట్టుబట్టి పెట్టెలో వచ్చేదాన్నే కొన్నాడు. భాయ్ దానికేమీ చిన్నబుచ్చుకోలేదు. తనే పోయి వేసి వచ్చాడు. పేజీ జరిగినప్పుడల్లా వకీలు బెంగళూరుకు ఫోన్ చేసి ఇంగ్లీషులో దబాయించేవాడు, వాళ్ళు ఓపిగ్గా సర్దిచెప్పేవాళ్ళు. "ఆయనకు గిట్టుబాటైంది అప్పా" అనేవాడు భాయ్. "కోర్టులో జడ్జిని తిట్టలేడు, ఇంట్లో ఆయమ్మను తిట్టలేడు. ఆ దుడ్లు వృథా కాలేదు." ఎవరికి ఏది సరిపోతుందో చెప్పడమే తప్ప, ఊరికే వచ్చేది పుణ్యం, కొనేది పాపం అని ఆయన ఎన్నడూ అనలేదు.

ఆ పట్టీ అడిగే సాయం కూడా ఆయన ఏడాదికొకసారి పంపేవాడు. ఇక్కడ కార్డు లేక, కువైట్‌లో ఉన్న మేనల్లుడి చేత కట్టించేవాడు. అయినా పట్టీ వస్తూనే ఉండేది. "ఇచ్చినామని దానికి తెలీదు పాపం" అని మళ్ళీ సలాం చేసేవాడు.

అవి మా వైపు బాంబుల మోత తగ్గి జెండాల మోత పెరిగిన ఏండ్లు. కక్షలు పోలేదు, చొక్కాలు మార్చుకున్నాయి. ఒకప్పుడు మనుషుల్ని నరికించిన ఇండ్ల ముందే పార్టీ ఆఫీసుల బోర్డులు వెలిశాయి. కొత్త మనిషి కనపడితే ఊరేదని అడిగేముందు ఎవురి మనిషివని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నకు జవాబు లేనివాడు మా లెక్కలో లేడు.

నాకు జవాబు ఉండేది. జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. కరువు వచ్చిన ఏడాది మా నాయన మందకు ఆయన తన బావి నీళ్ళు విడిచాడు. అడగకుండానే, ఊరికే. ఆ పొద్దు నుంచి మేం ఆయన మనుషులం. మా నాయన ఆయన్ను బావా అనేవాడు, నేను మామా అంటాను. ఎన్నికలొస్తే నేను పోయి ఆయన ఆఫీసులో కూర్చొని ఏ బూతులో ఎన్ని ఓట్లు పడతాయో లెక్క కట్టాలి. పిలవరు, నేనే పోవాలి. ఆ ఆఫీసులో కంప్యూటరు పెట్టినప్పుడు నేనే భాయ్‌ను తీసుకుపోయి ఆయన సాఫ్ట్‌వేర్ వేయించాను.

పులివెందులలో అవతలి పార్టీ ఆఫీసుకు కూడా భాయ్ పోయి అదే వేసి వచ్చాడని నాకు తెలుసు. ఆయన దాచలేదు. ఎవరు పిలిస్తే వాళ్ళకు పోవడం ఆయన పద్ధతి. అంగట్లో రెండు జెండాలవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చొని కరపత్రాలు దిద్దించుకునేవాళ్ళు. అక్కడ గొడవ పడితే ప్రింటరు ఆపేస్తానని భాయ్ బెదిరించేవాడు.

ఒక ఎన్నికల ముందు పేపర్లో ఒక ఫోటో వచ్చింది. పులివెందులలో అవతలి నాయకుడు తన ఆఫీసులో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. వెనక కంప్యూటరు తెర కనిపిస్తోంది. పెద్దాయన అల్లుడు ఆ తెరను చూసి, తమ ఆఫీసులోని తెరను చూసి, రెండూ ఒకటేనని కనిపెట్టాడు. అక్కడి నుంచి ఆయన లెక్క వేగంగా పోయింది. రెండు ఆఫీసుల్లోనూ ఒకే సరకు ఉంది. పెట్టింది ఒకే మనిషి. కంపెనీకి పైసా కట్టలేదు. కట్టకుండా ఎవడైనా ఎందుకిస్తాడు? కాబట్టి మన బూతు ఏజెంట్ల పేర్లు అవతలివాళ్ళకు కనపడుతున్నాయి.

"ఆ సాయిబును పిల్చకరా" అని నాకు ఫోన్ వచ్చింది.

ఏజెంట్ల పేర్లు బయటపడడమంటే ఆ రోజుల్లో ఏమిటో నాకు తెలుసు. ఎన్నిక తెల్లారేలోపు కొందరు ఊళ్ళో ఉండరు. అది ఈ మనిషి వల్లే జరిగిందని ఆ ఇంట్లో నిశ్చయమైతే అంగడి ఉండదు. ఇంకా ఏమేమి ఉండవో నేను ఆలోచించలేదు. భాయ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన సోంపు డబ్బా జేబులో వేసుకొని నా బండెక్కాడు.

"భయంగా ఉండాదా భాయ్?"

"ఉండాది అప్పా. నీ బండి బ్రేకులు చూస్తే ఇంకొంచెం ఎక్కువగా ఉండాది."

పెద్దాయన ఇంటి నడుమ ఒక గోడ ఉంది. తెలియనివాళ్ళకు అది వింతగా కనిపిస్తుంది. నల్లరాతి పాత ఇల్లు. దాన్ని సరిగ్గా రెండుగా చీలుస్తూ ముందు వసారా నుంచి పెరటి దాకా ఇటుక గోడ. వసారాలో చెక్కడం పని చేసిన కొయ్య స్తంభం ఒకటి ఆ గోడలో ఇరుక్కుపోయి, సగం ఇటు, సగం అటు ఉంటుంది. అటువైపు ఆయన తమ్ముడిది. అన్నదమ్ములు భూమి దగ్గర విడిపోయారు, ఊరు వాళ్ళతోపాటు రెండైంది. తమ్ముణ్ణి జమ్మలమడుగు దోవలో నరికేశారు. పెద్దాయన మీద కేసు నడిచింది, కొట్టేశారు. నాకు తెలిసింది అంతవరకే. అటువైపు తమ్ముడి కొడుకు ఉన్నాడు. వాళ్ళు అవతలి పార్టీ. రెండు ఇండ్ల మధ్యా మాట లేదు.

పెద్దాయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. అల్లుడు స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

"ఏం సాయిబూ, ఒకే కత్తి ఇద్దరికీ అమ్మినావంట" అన్నాడు అల్లుడు.

"అమ్మలేదు సార్. ఊరికే ఇచ్చినా."

"అమ్మింటే బాగుండు, యాపారమనుకుందుము. ఊరికే ఇచ్చినావంటేనే ఏదో ఉండాది."

పెద్దాయన చెయ్యెత్తి అల్లుణ్ణి ఆపాడు. "నువ్వు ఇచ్చింది సరే. నీకు ఊరికే ఇచ్చినోడు ఎవురు? దాన్ని చేసినోడు. వాని పేరు చెప్పు."

"ఒకరు కాదు పెద్దాయనా. శానామంది. ఒక్కోడు ఒక్కో దేశంలో ఉండాడు. ఒకరి మొగం ఒకరు చూసుండరు."

"వాళ్ళకు పెద్ద ఎవురు?"

"మంచీ చెడ్డా చూసేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ మాట నచ్చితే ఉండచ్చు, నచ్చకపోతే పోవచ్చు."

"పోతే ఊరుకుంటారా?"

"పోయేటోడు మొత్తం కాపీ చేసుకోని పోతాడు. ఇంకో పేరు పెట్టుకోని వాని దోవన వాడు చేసుకుంటాడు. ఇదివరకు అట్ల చీలినారు గూడ. మీ ఆఫీసులో ఉండేది చీలినాక వచ్చిందే."

పెద్దాయన ముందుకు వంగాడు. "చీలినప్పుడు ఎవురికేమొచ్చె?"

"ఇద్దరికీ మొత్తం వచ్చె."

"సగం సగం కాదా?"

"కాదు పెద్దాయనా. ఇద్దరికీ మొత్తమే."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమిరా లెక్కలోడా, ఒకటిని ఇద్దరికి పంచితే తలా ఎంత?"

"అర, మామా."

"ఈ సాయిబు ఒకటి, ఒకటి అంటాండాడే."

అంతవరకు నేను చేసిన భాగహారాలన్నింట్లోనూ పంచేకొద్దీ తగ్గింది. నీళ్ళు తగ్గాయి, మంద తగ్గింది, భూమి తగ్గింది. పంచినా తగ్గని సరకును నేను లెక్కించి ఎరగను.

"చీలినాక నరుక్కోలేదా?" అని పెద్దాయన అడిగాడు. మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"తిట్టుకున్నారు. రాసి రాసి తిట్టుకున్నారు. నరుక్కోలేదు. నరికి ఎత్తకపొయ్యేదానికి ఏముండాది పెద్దాయనా? ఇద్దరి దగ్గరా అదే ఉండాది కదా."

పెద్దాయన గోడ వైపు చూశాడు. గోడకు అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

"పేర్ల సంగతి చెప్పు" అన్నాడు అల్లుడు.

భాయ్ వసారాలోనే ఉన్న ఆఫీసు కంప్యూటరు దగ్గరకు పోయి ఇంటర్నెట్టు తీగ పీకేసి, అదే ఫైలు తెరిచి చూపించాడు. తీగ లేకుండా తెరుచుకుంటోందంటే ఫైలు ఆ పెట్టెలోనే ఉందన్నాడు. ఇద్దరి ఇండ్లలో ఒకే రకం బీరువా ఉంటే బట్టలు ఒకటవుతాయా అని అడిగాడు. అల్లుడికి తృప్తి కలగలేదు గానీ, అడగడానికి ఇంకేమీ దొరకలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

"దుడ్లకొచ్చేది గూడ ఉండాదంట కదా" అన్నాడు పెద్దాయన. "అది తెప్పీ. మా పల్లెలన్నిటికీ నేను కట్టిస్తా. నీకు గూడ నెలనెలా ఇస్తా. అంగడికి మంచి గది చూపిస్తా. ఈ పొద్దు నుంచి నువ్వు మా వాడివి. ఆ పక్కకు పోవాకు."

మా వైపు ఆ మాట అందరికీ దొరకదు. అది అన్నాక కాదన్నవాణ్ణి నేను చూడలేదు. భాయ్ జేబులోంచి డబ్బా తీశాడు. లేచి పెద్దాయన చేతిలో సోంపు వేశాడు. నా చేతిలో వేశాడు. అల్లుడు చెయ్యి చాపలేదు.

"అది కొనండి పెద్దాయనా, మంచిదే. కొంటే ఆ కంపెనీవాడు మీకు జవాబు చెప్తాడు. నన్ను మాత్రం కొనాకండి. నన్ను ఎవురు పిల్చినా పోవాల. అది మానుకుంటే నేను బోర్డు పీకేయాల."

మూత మూశాడు.

పెద్దాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

"ఎవురి మనిషీ గాకుండా ఈ నేల మీద ఎట్ల బతుకుతావు సాయిబూ? రేపు నీకేమన్నా అయితే పలికేటోడు యాడుండాడు? నువ్వు ఊరికే ఇచ్చే సరకు మాదిరే నువ్వు గూడ. తిట్టేదానికైనా ఒక మనిషుండడు."

"ఉండడు పెద్దాయనా. తెలిసే ఉండా."

వెనక్కి వచ్చేటప్పుడు పెన్న వంతెన దగ్గర బండి ఆపమన్నాడు. దిగి వంతెన గోడ మీద కూర్చున్నాడు. ఏట్లో నీళ్ళు లేవు, ఇసుక మెరుస్తోంది. "ఆయన చెప్పింది నిజమే కదప్పా" అన్నాడు. నేను కాదనలేదు. ఆయన కూడా నా నుంచి కాదనే మాటను కోరుకోలేదు.

ఆ మాటకు పరీక్ష ఎన్నికల రోజుల్లోనే వచ్చింది. మిట్టమధ్యాహ్నం రెండు ఊరేగింపులు పాత బస్టాండు దగ్గర ఎదురుపడ్డాయి. రాళ్ళు లేచాయి. సందులోకి తరుముకుంటూ వచ్చినవాళ్ళూ, తరుముతూ వచ్చినవాళ్ళూ కలిసి ఆయన అంగడిని నుగ్గు చేశారు. కంప్యూటర్లు పగిలాయి, సీడీల బీరువాకు ఎవరో నిప్పు పెట్టారు. బోర్డు మడతపడి కాలువలో దొరికింది.

నేను పోయేసరికి ఆయన అంగడి ముందు ఇనుప స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. మోచేతికి గుడ్డ కట్టి ఉంది. పెద్దాయన అల్లుడు అప్పటికే వచ్చాడు.

"వాళ్ళే కదా? పేర్లు నేను చెప్తా, నువ్వు కేసు పెట్టు. సాయంత్రానికి కొత్త కంప్యూటర్లు దింపిస్తా, ఊరికే."

కొంచెంసేపటికి అవతలి పార్టీ తరఫున ఒకాయన వచ్చి ఇంచుమించు అవే మాటలు చెప్పాడు. పేర్లు మాత్రం వేరు.

"ఎవురేసినారో నేను చూడలేదప్పా" అని ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాడు భాయ్. "నేను బల్ల కింద ఉంటి. ఆడ నుంచి కాళ్ళే కనపడతాయి. కాళ్ళకు పార్టీ తెలీదు."

కేసు పెట్టలేదు. ఎవరి పంచాయితీకీ పోలేదు. అడిగే మనిషి లేడు, అడిగించుకునే మనిషీ లేడు. పెద్దాయన చెప్పినట్టే జరిగిందని నేను అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించని వరసలో జరిగింది. ఖాజీపేట నుంచి విత్తనాల అంగడాయన ఒక సీడీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడో భాయ్ ఇచ్చిందే. పెండ్లిమర్రి నుంచి ఒక బడి అయ్యవారు వచ్చాడు. భాయ్ తయారుచేసిన పెళ్ళిపత్రికల నమూనాలూ, తెలుగు అక్షరాలూ, అన్నీ తన దగ్గర అట్లాగే ఉన్నాయన్నాడు. నేను పెద్దాయన ఆఫీసుకు పోయి అక్కడ భాయ్ పెట్టినదంతా కాపీ చేసుకొని తెచ్చాను. ఎవ్వరూ వద్దనలేదు. పులివెందుల నుంచి కూడా ఒక కవరు వచ్చింది. అన్నీ ముందేసుకొని చూస్తే కాలిపోయిన బీరువాలో ఉన్న సరకంతా ఉంది. చాలావరకు ఒకటికి రెండుగా ఉంది.

భాయ్ సీడీలను చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. "దాచిపెట్టుకోనుంటే పొయ్యుండేది" అన్నాడు.

మిషన్లకు మాత్రం డబ్బు కావాలి. ఊరికే ఇవ్వబోయినవాళ్ళ దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. వచ్చే ఏడాదికి కట్టేది ముందే కట్టమని, రసీదు రాసిచ్చాడు. బోర్డు సాపు చేయించి మళ్ళీ తగిలించాడు. మడత పడిన గీత మొదటి వరసకూ రెండో వరసకూ నడుమ చివరిదాకా కనపడుతూనే ఉండేది.

తర్వాత చాలా ఏండ్లు ఆయన అట్లాగే గడిపాడు. సీడీలు పోయి ఫోన్లు వచ్చాయి. అంగడికి వచ్చేవాళ్ళు తగ్గారు. మూత్రపిండాలు చెడిపోయి ఆసుపత్రికి తిరిగేటప్పుడు కూడా, మంచం మీద నుంచే ఫోన్లో "పైన ఎడమ పక్క నొక్కప్పా, అది కాదు, దాని కింద" అని చెప్తుండేవాడు. చివరిసారి నేను చూసినప్పుడు సోంపు తినకూడదన్నారట. డబ్బా మాత్రం దిండు పక్కన ఉంది. నాకు వేసి, మూత మూయకుండా వదిలేశాడు.

జనాజా వెంట రెండు పార్టీలవాళ్ళూ నడిచారని రాస్తే చదవడానికి బాగుంటుంది. నిజం అది కాదు. ప్రచారం రోజులు. ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ తీరిక లేదు. ఆయన వాడకట్టువాళ్ళు, కుట్టుమిషన్లాయన, నేను, ఇంకా కొద్దిమంది. భుజం మార్చుకోవడానికి మనుషులు సరిపోక, ఒకసారి ఎత్తినవాళ్ళే మళ్ళీ ఎత్తాల్సి వచ్చింది. ఫలానా ఆయన మనిషి పోయాడు అంటే కబురు ఆ ఫలానా ఇంటి నుంచి ఊర్లన్నింటికీ పోతుంది. ఈయన కబురు ఎవరి ఇంటి నుంచి పోవాలి?

పట్టీ కనపడిన రోజు సాయంత్రం పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయన బాగా ముసలివాడు. అల్లుడు హైదరాబాదులో ఉన్నాడు. ఇంటి ముందు బోర్డు తీసేశారు. చీనీ తోట, అదే బత్తాయి తోట, ఒకటి పెట్టుకొని, దాని లెక్కలు తనే కంప్యూటర్లో కొట్టుకుంటాడు. చాలా కాలమైంది ఆయన నన్ను పిలిచి.

"ఏమిరా లెక్కలోడా, ఆ సాయిబు ఫోనెత్తడు. తోట లెక్క తెరుచుకోల్యా."

"భాయ్ పోయినాడు మామా."

అవతల ఊపిరి తీసే చప్పుడు.

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో."

"నాకెవురూ చెప్పలేదే."

"ఎవురు చెప్తారు మామా?"

పెట్టేశాడేమోనని చూసుకున్నాను. పెట్టలేదు.

"కడాకు గూడ ఎవురి మనిషీ కాల్యా?"

"కాల్యా మామా."

"ఊఁ" అన్నాడు. తర్వాత, "నీకొచ్చునా ఆ పని?"

"కొంత వచ్చు."

"అయితే రాపో."

ఎప్పుడూ చెప్పే జవాబు నోటి దాకా వచ్చింది. మా నాయన మంద తాగిన నీళ్ళు గుర్తొచ్చాయి. ఆ నీళ్ళకు నేను ఎన్ని ఎన్నికల లెక్కలు కట్టానో గుర్తొచ్చింది. చెయ్యి నుదుటికి ఆనించుకొని ఉన్నానని మాట్లాడుతున్నప్పుడు గమనించాను.

"వస్తా మామా. ఊరికే రాను. ఏడాదికింతని కట్టాల. ఇంకొకటి, అవతలోళ్ళు పిల్చినా పోతా."

ఆయన దగ్గాడు. అది దగ్గో నవ్వో నేను చెప్పలేను.

"సరే, కడతాలే. అవతలోళ్ళు అంటే గుర్తొచ్చె. గోడకవతల మా తమ్ముని కొడుకు ఇంట్లో గూడ ఆ సాయిబు పెట్టిందే ఉండాదంట. వానిది గూడ తెరుచుకోలేదంట. వాని తోట నా తోటకన్నా పెద్దది, శానా లెక్కుంటాది. ముందు ఆడికి పొయ్యి, తర్వాత ఈడికి రా."

ఫోన్ పెట్టేశాడు.

గోడకవతల తెరుచుకోని సంగతి గోడ దాటి ఈయన దాకా ఎట్లా వచ్చిందో నేను అడగలేదు. రేపు ఆదివారం, మిల్లు ఉండదు. బండిని షెడ్డుకు తీసుకుపోయి బ్రేకులు బిగించుకొని వచ్చాను.